శుక్రారం ఫోను

పన్నెండేండ్లకు మనిషి ఇంటికచ్చిండు.
కోరుట్ల బస్టాండుల దిగి
మా ఊరి తొవ్వ ఆటో పిలగాన్ని అడిగిండట.
కొత్త రోడ్డు పడ్డది, తప్పు ఆయనది గాదు.

తాడు చుట్టిన అట్టపెట్టెల
రెండు పూల కంబళ్లు, గొడ్డలి బొమ్మ తైలం సీసలు,
పాలపొడి డబ్బ,
బిడ్డకు ఓ గౌను,
ఎనిమిదేండ్ల పిల్లకు సరిపోయేది.
బిడ్డది పాలిటెక్నిక్ రెండో సాలు.
గౌను భుజాలకు ఆనిచ్చుకొని
"మంచిగున్నది బాపు" అన్నది.

మొదటి వారం సుట్టాలు.
రెండో వారం అప్పులోళ్లు.
మూడో వారం ఎవ్వలు రాలే.
అప్పుడు మొదలైంది
మేమిద్దరం ఒక్కింట్ల ఉండుడు.

గోడకు ఆనుకొని, చేతులు పొట్ట మీద కట్టుకొని పంటడు.
"ఇటు జరుగు, జాగ ఉన్నది" అంటే
ఇంకింత గోడకే జరుగుతడు.
పద్నాలుగు మంది అర్రల పండిన పెయ్యి అది.
నేనేమో నడిమిట్ల పండ మరిగిన,
పన్నెండేండ్లు మంచమంత నాదే మరి.

నాలుగింటికే లేస్తడు.
తానం చేసి, తల దువ్వి, అంగి గుండీలు పెట్టుకొని
వాకిట్ల కూసుంటడు.
ఏ బస్సు రాదు.
పాలాయన వస్తడు, పోతడు.

ఉప్పు ఏడున్నదంటడు.
మోటరు స్టార్టరు ఏ గోడకున్నదంటడు.
సంఘం పుస్తకం తెరిచి
నా సంతకాల మీద వేలు పెట్టుకుంట పోయిండు:
"ఇన్ని అప్పులు నువ్వొక్కదానివే తెచ్చినవా?"
"కట్టింది గూడ నేనే. పేజీ తిప్పు."
పసుపు ఎందుకు బందువెట్టినవన్నడు.
ఎవలను అడిగేది నేను?
నీ ఫోను శుక్రారం వస్తుండె,
వాన మంగళారం వస్తుండె.

నేను చాట ముందటేసుకొని బీడీలు చుడుతుంటే
ఎదురుంగ కూసుండి సూస్తడు.
ఓ దినం కత్తెర అందుకొని ఆకు కత్తిరించవట్టిండు.
అంత వంకర. కార్ఖానల ఏరి పారేస్తరు.
ఏమనలే. ఆయన పన్నంక
బుగ్గ కింద కూసుండి మళ్ల సక్కగ కత్తిరించిన.

ఎదురింటి బూదవ్వ గూడ అదే నెల వచ్చింది,
కువైట్ నుంచి, ఏడేండ్లకు.
కంబళి గూడ ఇసుంటిదే.
మా ఆయనను "ఎంత తెచ్చినవ్" అన్నోళ్లే
ఆమెను "ఎట్లుంటివే ఆడ" అన్నరు.
ఆ అడుగుడు వేరే తీరు.
ఆమె లేనన్ని దినాలు
మొగడు బిడ్డకు జడలేసుడు నేర్చిండు.
ఆమె రాంగనే, నలుగురు నవ్వుతరని, దువ్వెన కింద పెట్టిండు.
పిల్ల ఆ దువ్వెన పట్టుకొని
ఇంకా తండ్రి ముంగటే పోయి కూసుంటది.
బూదవ్వ గల్మల నిలవడి సూస్తది.
నేను సూస్తున్నట్టు తెలిస్తే
లోపటికి పోతది.

మొన్న శుక్రారం
పొయ్యి మీద పప్పు. ఫోను మోగింది.
"గంగారాజం దుబాయ్".
పేరు మార్చుడు మర్చిన.
కిటికిలకెంచి సూస్తే
దొడ్లె, బోరింగు పక్కన, అటు మొఖం పెట్టుకొని ఆయనే.

"ఆఁ, చెప్పు" అన్న, ఎప్పటి తీరుగ.
"తిన్నవా?"
"ఇంకా లేదు. నువ్వు?"
"లేదు."
జెరసేపు ఊకున్నడు.
"మోకాళ్ల నొప్పి ఎట్లున్నది?"
ఇంటికచ్చి రెండు నెలలు, ఒక్కనాడు అడగలే.

చెప్పిన. వాపు సంగతి, సూది సంగతి,
అప్పట్ల దాసినయి గూడ చెప్పిన.
ఆయన గూడ చెప్పిండు.
ఐదు నెలల జీతం కంపెనీ ఎగ్గొట్టిందట.
'సాలని నేనే వచ్చిన' అన్నది అబద్ధమట.
ఒక్కొక్క మాట రెండుసార్లు వినవడ్డది నాకు:
ముందుగాల గోడ మీదికెంచి,
గడియాగి ఫోన్ల.
బ్యాలెన్స్ అయిపోతదని ఎవ్వలం అనలే.

మధ్యల ఆగి, గాలి పీల్చి,
"పొయ్యి మీద ఏమో మాడుతంది, సూడు" అన్నడు.

పన్నెండేండ్ల ఫోన్లల్ల
ఆ మాట ఎన్నడు రాలే.